రైలు వచ్చేలోపల పది వరసలు

1957లో భాస్కరయ్య ఒక దినపత్రికకు హిందూపురం విలేకరి అయ్యాడు. ఇంటివాళ్ళ బెల్లం మండీ అన్న చూసుకునేవాడు. పత్రికవాళ్ళు ఏడాది గడువు పెట్టారు. రాత పనికొస్తే ఉంచుకుంటారు, లేకుంటే వేరే మనిషిని చూసుకుంటారు.

మొదటి మూడు నెలల్లో అచ్చయినవి రెండే. పెనుకొండలో రైతుల సభకు పోయివచ్చి, ఒక పూటంతా కూర్చొని నాలుగు పేజీలు రాశాడు. పేపర్లో వేదిక మీద కూర్చున్నవాళ్ళ పేర్లు వచ్చాయి. రైతులు అడిగింది రాలేదు.

పేపరు ఏజెంటు గంగప్ప అది చదివి అతన్ని పిలిచాడు.

"ఏమప్పా, సభకు పోయి పూలదండలు లెక్కబెట్టుకోని వచ్చినావా?"

"రైతుల మాట గూడా రాసినా. వాళ్ళే కోసేసినారు."

"యాడ రాసినావు?"

"చివర్లో."

"జాగా చాలకుంటే కిందినుంచే కదబ్బా కోసేది."

ఆ మరుసటి రోజునుంచి భాస్కరయ్య ఒక పని పెట్టుకున్నాడు. పత్రికకు కవరు పోయేది సాయంత్రం అయిదుంబావు టపా రైలులో. వార్త ఉన్నా లేకున్నా ఆలోపల పది వరసలు రాయాలి, జరిగింది మొదటి వరసలోనే చెప్పాలి. ఏమీ లేని రోజు చింతపండు బండి ఇరుసు విరిగిన సంగతి రాసేవాడు. తను రాసింది అచ్చయితే, దాన్నీ తన దగ్గరి నకలునూ పక్కపక్కన పెట్టుకొని, కొట్టేసిన మాటలు చూసి మళ్ళీ రాసేవాడు.

"ఊర్లో ఏమీ జరగలేదు గదా, ఏం రాస్తాండారు?" అనేది భార్య రాజేశ్వరమ్మ.

"జరగలేదనే రాస్తాండా."

మొదట్లో ఆ పది వరసలకు రెండు గంటలు పట్టేది. రైలు తప్పిన రోజులే ఎక్కువ. ఎనిమిదో నెలకు అరగంట చాలింది. అచ్చయ్యేవి మాత్రం అప్పటికీ వారానికి ఒకటి.

గడువు ఇంకా పన్నెండు రోజులుందనగా, వానల్లో పరిగి దగ్గర వాగులో బస్సు ఇరుక్కుంది. భాస్కరయ్య సైకిలు మీద పోయి చూసి, తడిసిన బట్టలతోనే నేరుగా స్టేషనుకు వచ్చాడు. రైలుకు పది నిమిషాలుంది. ప్లాట్‌ఫారం మీది బెంచీమీద కూర్చొని రాశాడు. బస్సు టాపు మీద మూడు గంటలు కూర్చున్న ఇరవైముగ్గురినీ ఊరివాళ్ళు తాళ్ళేసి ఒడ్డుకు చేర్చారన్నది మొదటి వరస. బండి ఆగేసరికి పదో వరస అయిపోయింది. కవరు అంటించి టపా బోగీకున్న ఉత్తరాల డబ్బాలో వేశాడు.

మూడోనాటి పేపర్లో పది వరసలూ ఉన్నాయి. ఒక్క మాటా మారలేదు.

గడువు రోజు ఉత్తరం వచ్చింది.

"ఉంచుకున్నారా?" అని రాజేశ్వరమ్మ అడిగింది.

"ధర్మవరం గూడా నన్నే చూసుకోమన్నారు."

"ఆడ మనకెవరు తెలుసు?"

"ఎవరూ తెలీదు."

సోమవారం పొద్దున బండికి ధర్మవరం పోయి, మగ్గాల వీధిలో మొదటి ఇంటి ముందర ఆగి, ఈ వారం పట్టు నూలు అందిందా అని అడిగాడు.