బొట్టుబిళ్ళల కీబోర్డు

ఆ రోజుల్లో పెళ్ళికన్నా పెళ్ళి కేసెట్టే పెద్దది. పెళ్ళి ఒక్కరోజుతో అయిపోయేది, కేసెట్టు మాత్రం ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ టీతో పాటు చూపించాల్సిందే. (అప్పటికే డీవీడీలు వచ్చేశాయి గాని, మా నోళ్ళలోంచి కేసెట్టన్న మాట పోలేదు.) తీసిన పెళ్ళిని కత్తిరించి, పాటలు కలిపి, గులాబీ రేకులు రాల్చి, కొత్త జంటని గుండె బొమ్మలో గుండ్రంగా తిప్పే పనిని మిక్సింగ్ అనేవారు. తొమ్మిదో తరగతి తప్పి ఇంట్లో బియ్యం ఏరుకుంటున్న నన్ను మా పెద్దక్క మొగుడు ద్వారకానగర్‌లోని తన స్టూడియోకి తీసుకెళ్ళి ఆ మిక్సింగ్ కుర్చీలో కూర్చోబెట్టాడు. చక్రాల కుర్చీ. కాలితో తంతే గోడ దాకా వెళ్ళి ఆగేది. మా ఇంట్లో అప్పటికి అందరం కింద కూర్చునేవాళ్ళమే, అందుకని ఆ కుర్చీ మీద నాకు ఎంత మమకారమో మీరే ఊహించుకోండి.

చిక్కేమిటంటే, నాకు ఇంగ్లీషు అక్షరాలన్నీ ఒకేలా కనబడేవి. అందుకని నేనొక ఉపాయం చేశాను. నా బొట్టుబిళ్ళల అట్ట తీసి కీబోర్డు మీద అంటించేశాను. ఎర్రబొట్టు నొక్కితే ముక్క పోతుంది. పచ్చబొట్టు నొక్కితే ముక్క తెగుతుంది. నల్లబొట్టు నొక్కితే బొమ్మ వేరు, శబ్దం వేరు అయిపోతాయి. తప్పు చేస్తే వెనక్కి తిప్పేది మెరుపుల బొట్టు (పండగలకి దాచుకున్నది, అయినా దాన్నే ఎక్కువ వాడాల్సొచ్చేది). ఏడాది తిరిగేసరికి ఆ పాత సాఫ్ట్‌వేర్‌తో నాకెంత చనువు కుదిరిందంటే, తెర వంక చూడకుండా, స్పీకరు ఆపేసి, అమ్మతో ఫోను మాట్లాడుతూ కూడా పెళ్ళి కత్తిరించేసేదాన్ని. స్పీకరు ఆపడం బావ నియమమే. ముందు గదిలో పాస్‌పోర్టు ఫొటో తీయించుకునేవాళ్ళు సన్నాయి వినబడితే నవ్వేస్తారట, ఫొటో పాడవుతుందట.

అలాంటి రోజుల్లో పాత కంప్యూటరు పొగ వదిలి చచ్చిపోయింది. బావ కొత్తది తెచ్చాడు, దాంతో పాటు కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. తెరంతా నల్లగా, పొయ్యి మీద అడుగంటిన గిన్నెలా ఉంది. నా కత్తెర బొమ్మ ఎక్కడుందో తెలీదు, గులాబీ రేకులైతే అసలే లేవు.

"ఇదేటి బావా, గుండె బొమ్మ ఏది?"

"గుండె లేదు, గుండ్రాయీ లేదు. ఇప్పుడంతా ఇదే వాడతన్నారు. సూడు మరదలా, హార్బర్ బోటు మాఁవ కూతురి పెళ్ళి దీంట్లో సేసి ఇయ్యి. బాగా వస్తే కుర్సీ నీదే. పాడుసేశావంటే మాత్రం, మిక్సింగ్ కోర్సు సదివినావిడొకర్తె రోజూ ఫోన్ సేస్తంది, ఆవిణ్ణి కూకోబెడతాను. మీ అక్కకి నువ్వే సెప్పుకో."

బోటు మాఁవంటే హార్బర్లో చేపల బోటున్న ఆయన, పేటంతా మాఁవా అనే పిలిచేది. నేను ఇంటికెళ్ళి అక్కకేమీ చెప్పలేదు. మర్నాడు కొత్త కీబోర్డుకి కొత్త బొట్లు అంటించాను. ఎర్రబొట్టు పాతచోటే, పచ్చబొట్టు పాతచోటే. నొక్కి చూస్తే ముక్క తెగింది, ముక్క పోయింది. ఇంకేం, మనదే రాజ్యం అనుకున్నాను. పాత అలవాటు ప్రకారం ముందు నల్లబొట్టుతో బొమ్మనీ శబ్దాన్నీ విడదీసేశాను. తరవాత బావ వైరు తగిలి తిట్టిన చోటు, బోటు మాఁవ కండువా సర్దుకుంటూ నిలబడిపోయిన చోటు, బావ కెమెరా ఆపడం మర్చిపోతే వట్టి నేలే పడిన చోటు, అన్నీ ఎర్రబొట్టుతో తీసేశాను. పాతదాంట్లో ముక్క తీస్తే అక్కడ ఖాళీ ఉండిపోయేది, ఊడిన పన్నులాగా. ఆ ఖాళీలో పందిరో, పువ్వులో పెట్టేదాన్ని. కొత్తదాంట్లో ఖాళీలే కనబడలేదు. "ఎంత మంచి మిషనమ్మా, నాకా పని కూడా తగ్గించింది" అని దానికి దండం పెట్టుకున్నాను.

అది ఖాళీ ఉంచకుండా వెనకున్న బొమ్మలన్నిటినీ ముందుకి జరిపేస్తోందనీ, నేను విడదీసిన శబ్దం మాత్రం ఉన్నచోటే ఉండిపోతోందనీ నాకు తెలిస్తే కదా! చివర్లో బొమ్మ అయిపోయాక శబ్దం బోలెడు మిగిలింది. జాకెట్టు కుట్టాక మిగిలిన గుడ్డలాంటిదనుకుని కత్తిరించేశాను.

ఆ మీద పాటలు వేశాను. భోజనాల మీద ఎప్పుడూ పాటే. తినేటప్పటి మాటలు ఎవరిక్కావాలి? అప్పగింతల మీద మాత్రం పాట వేసేదాన్ని కాదు, ఏడుపు వినబడాలి, దానికే కదా జనం కేసెట్టు చూసేది. బావ మొదటి అయిదు నిమిషాలు చూసి, "పర్లేదే" అన్నాడు. ఆ అయిదు నిమిషాల్లో నేనింకా ఏమీ తీసెయ్యలేదు.

రెండు రోజుల తరవాత పొద్దున్నే, హార్బర్లో వేలం పాట అవ్వగానే కాబోలు, బోటు మాఁవ తిన్నగా మా స్టూడియోకి వచ్చేశాడు. చొక్కా మీద ఇంకా పొలుసులున్నాయి. డీవీడీ బల్ల మీద పెట్టి, "ఎయ్యి" అన్నాడు.

వేశాం. అప్పగింతలు. బోటు మాఁవ కూతురి చెయ్యి వియ్యపురాలి చేతిలో పెట్టి, పెదాలు వణికిస్తూ ఏదో చెబుతున్నాడు. అందరూ కళ్ళొత్తుకుంటున్నారు. అంతలో ఒక గంభీరమైన మగగొంతు, ఆకాశవాణిలా, "ఒరే, ఆ తలకాయ ముక్క ఇటెయ్యండ్రా! తోక నాకొద్దు!" అంది. వియ్యపురాలు పైటతో కళ్ళు తుడుచుకుంది. ఆ గొంతే, "పులుసొయ్యరా, పులుసు! ఇందాక యేసింది ఎటుపోయిందో!" అంది.

బావ నా వంక చూళ్ళేదు. కుర్చీ వంక చూశాడు. నేను కూడా కుర్చీ వంకే చూశాను, రైలెక్కేవాళ్ళని చూసినట్టు.

"మాఁవా, తప్పైపోనాది. పిల్ల కొత్త సాఫ్ట్‌వేరు..." అన్నాడు బావ.

"నువ్వాగరా. ఆ గొంతు ఎవడిదో తెల్సా? మా తమ్ముడిది. పెళ్ళిలో నాకు విస్తరే ఎయ్యనేదని పేటంతా సెప్పుకు తిరుగుతన్నాడు. నెల్లాళ్ళై మాటల్లేవు. మా ఆవిడ 'ఆడు తిన్నాడో నేదో, మనవే సూసుకోనేదు' అని ఒకటే బాధ. నిన్న అందరం కూకొని సూత్తన్నాం, ఆడి పెళ్ళాం కూడా ఉంది. ఈ తలకాయ ముక్క ఇనబడగానే అది లేచి, 'ఉండండి, పిల్సుకొస్తాను' అని ఆణ్ణి సెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది."

"ఏటన్నాడు?" అని నేనే అడిగేశాను, భయం మర్చిపోయి.

"ఏటంటాడు? ఇంకోపాలి ఎయ్యమన్నాడు. ఇని, 'అది రెండో ఇస్తరిలే అన్నయ్యా' అన్నాడు." అని బోటు మాఁవ పొట్ట పట్టుకుని నవ్వాడు. తరవాత నవ్వాపి, నెమ్మదిగా, "గాని పిల్లా, నా కూతుర్ని అప్పగిత్తా నానేటన్నానో అది నాకు కావాలమ్మా. అది ఇనబడాల" అన్నాడు.

ఆ మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుర్చీ కోసం కాదు. పెళ్ళిలో బావ పక్కన లైటు పట్టుకుని నిలబడి విన్న ఆయన మాటలు నాకు జ్ఞాపకమున్నాయి, మిగిలిన గుడ్డ అనుకుని నేను కత్తిరించి పారేసిన దాంట్లో ఉన్నాయి.

ఆ రోజు మొదటిసారి స్పీకరు పెట్టి కూర్చున్నాను, పారేసిన శబ్దాన్ని అసలు టేపులోంచి మళ్ళీ తెచ్చుకున్నాను. ముందు గదిలో ఎవరు నవ్వితే నవ్వనీ అన్నాడు బావ. నాకు చదువు రాలేదు గాని, విన్నది పోదు. ఎక్కడ ఎవరు దగ్గారో, ఎక్కడ బిందె దొర్లిందో, ఎక్కడ బావ వైరుని తిట్టాడో, వరసగా గుర్తుచేసుకుంటూ, తీసేసిన ప్రతి బొమ్మ ముక్కకీ దాని శబ్దం వెతికి తీసేసుకుంటూ వచ్చాను. సాయంత్రానికి బోటు మాఁవ పెదాలూ, "పొద్దున్నే లెగనేదని తిట్టకండమ్మా, నానే లేపేవోణ్ణి కాదు" అన్న గొంతూ ఒకచోటికి చేరాయి. భోజనాల మీద పాట తీసేశాను. తలకాయ ముక్క ఎవరి విస్తట్లో పడాలో అక్కడే పడింది.

బావ మొత్తం చూసి, "కుర్సీ నీదేలే. ముందా బొట్లు పీకెయ్" అన్నాడు.

పీకేశాను. తరవాత ఎన్ని సాఫ్ట్‌వేర్లు మార్చానో లెక్కలేదు. ఇప్పుడు పెందుర్తిలో మా ఇంటి ముందుగదే నా స్టూడియో, కొత్తది ఏదొచ్చినా ముందు స్పీకరు పెట్టి వింటాను. అయినా ముక్క తీసెయ్యాల్సొచ్చినప్పుడు నా చిటికెన వేలు ఆ మూలకెళ్ళి బొట్టు కోసం తడుముకుంటుంది. అక్కడేమీ ఉండదు. పక్కన ఎవరైనా చూస్తున్నారేమోనని, అదే వేలితో నా నుదుటి బొట్టు సర్దుకున్నట్టు చేసి, మళ్ళీ పనిలో పడతాను.