దిగకూడని పీట

మా ముత్తాతకు గోదావరికి ఇవతల, అడవి అంచున, పదకొండు ఊళ్ళ శిస్తు వసూలు చేసుకునే మక్తా ఉండేది. ఆయన కూర్చుంటే ఎదుట నిలబడ్డవాళ్ళు నిలబడే ఉండేవారు. తాత నాటికి నాలుగు ఊళ్ళు మిగిలాయి. నాన్న నాటికి ఒక ఊరు, ఒక ముసలి గుర్రం. నా దాకా వచ్చినవి నాలుగెకరాల జొన్న చేను, నిటారుగా నిలిచే వెన్ను, ఒక టేకు పీట.

పీటను తక్కువగా చూడకండి. తొలకరికి ముందు మా పక్క కోయగూడెంలో విత్తనాల పండుగ చేస్తారు. ఆ రోజు మా చేలో పండిన జొన్నలు బుట్ట నిండా పోసుకుని మా ఇంటి పెద్ద ఆ పీట మీద కూర్చుంటాడు. ఇంటికొకరు చొప్పున వచ్చి కొంగో, కండువానో పడితే దోసెడు పోస్తాడు. ఆఖరి ఇల్లు తీసుకునేదాకా పీట దిగకూడదు. మధ్యలో దిగితే పంచిన గింజలన్నీ మళ్ళీ బుట్టలో పోసి మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాలి. మా మిగతా హక్కులన్నీ కాగితాల మీద ఉండేవి, కాగితాలతోనే పోయాయి. ఇది ఏ కాగితం మీదా లేదు కనుక మిగిలింది.

అరవై దాటాక నా మూత్రాశయం మొండికేసింది. పోవాలనిపించిందంటే పది అడుగులు నడిచే వ్యవధి కూడా ఉండేది కాదు. ఖమ్మం బస్టాండులో నాకు తెలియని మరుగుదొడ్డి లేదు. ముందురోజు నుంచీ నీళ్ళు మానేసి చూశాను, మాత్రలు మింగి చూశాను. నిరుడు పండుగలో మూడుసార్లు పీట దిగాను. మూడుసార్లూ గూడెమంతా గింజలు తెచ్చి బుట్టలో పోసింది.

గూడెం పటేలు నాకంటే పదేళ్ళు పెద్దవాడు. నవ్వుతూనే అన్నాడు: "ఏంది దొరా, గింజలు ఇంటికీ బుట్టకూ తిరిగి తిరిగి అలిసిపోయినయ్. ఇగ మొలుస్తయా?"

తర్వాత గొంతు తగ్గించాడు. "వచ్చే ఏడు గూడ గిట్లనే అయితే మధిరల మీ పాలాయనను పిలుస్తం. ఏమనుకోకు."

మధిరలో మా పాలివాడు, అంటే మా దాయాది, పత్తి వ్యాపారం చేస్తాడు. సోఫాలో కూడా ఒరిగి కూర్చునే మనిషి. ఆ పీట మీద అతను ఒరిగి కూర్చోవడం ఊహించుకుని మర్నాడే దవాఖానాకు బయలుదేరాను.

ఖమ్మం డాక్టరు హైదరాబాద్ పంపాడు. అక్కడి డాక్టరమ్మ మా కోడలి వయసుది. నడుము అడుగున వెన్ను చివర ఒక నరం పక్కన సన్నని తీగ పెడతారట. అది చిన్న కరెంటుతో నరాన్ని తడుతూ ఉంటే మూత్రాశయం నెమ్మదిస్తుందట. ముందు కొన్నాళ్ళు తీగ మాత్రమే, మిషను బయట బెల్టుకు. గుణం కనిపిస్తే అప్పుడు మిషనును పిరుదు పైభాగాన చర్మం కింద పెడతారు. గుణం తెలియడానికి ఒక పుస్తకమిచ్చింది. రోజుకు ఎన్నిసార్లు పోయానో తీగకు ముందూ రాయాలి, తర్వాతా రాయాలి.

మా వంశంలో ఎవరూ ఇలాంటి పుస్తకం రాయలేదు. నా చేతిరాతతో రోజుకు ఇరవై అని రాయడానికి చెయ్యి రాలేదు. ఐదు అని రాశాను. అన్ని రోజులూ ఐదే.

తీగ పెట్టాక లోపల ఎవరో మెల్లగా వేలితో తడుతున్నట్టుండేది. రెండో రోజుకే రోజుకు ఎనిమిదిసార్లకు తగ్గింది. ఆ సంతోషంలో ఎనిమిది అని నిజం రాసేశాను.

డాక్టరమ్మ పుస్తకం తిరగేసి ముఖం చిన్నబుచ్చుకుంది. "ముందు ఐదుసార్లే పోయేది, తీగ పెట్టినంక ఎనిమిదైంది. మీకు ఇది పడలేదు సార్. తీగ తీసేద్దాం."

తీగతో పాటు పీటా పోయేటట్టుంది. అబద్ధం రాశానని ఒక ఆడపిల్ల ముందు ఎలా చెప్పను?

పక్కనే కూర్చున్న నా భార్య చేతిసంచిలోంచి మా వంటింటి క్యాలెండరు తీసి బల్ల మీద పరిచింది. ప్రతి తేదీ గడిలో పెన్సిలు గీతలు, చీమల బారులా.

"బాత్రూం గడియ చప్పుడైనప్పుడల్లా ఒక గీత గీసిన అమ్మా. ఆయన రాసింది వదిలెయ్, ఇది చూడు."

డాక్టరమ్మ లెక్కపెట్టింది. ఇరవై ఒకటి, పంతొమ్మిది, ఇరవై మూడు. నా వైపు చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. "మూత్రాశయం నిండకముందే నిండిందని మీ నరాలు చెప్తున్నయ్. మీరేమో ఇరవైని ఐదంటున్నరు. ఇద్దరికీ మందెయ్యాలె సార్."

మిషను పెట్టారు. అగ్గిపెట్టె కంటే పెద్దది కాదు. పంపించేటప్పుడు డాక్టరమ్మ కొన్ని వారాలు వంగవద్దని చెప్పింది.

"దానికేం భయం లేదమ్మా," అంది నా భార్య. "ఈయన పుట్టినప్పటి నుంచీ వంగలే."

ఈ ఏడు పండుగకు పొద్దున్నే రెండు గ్లాసుల నీళ్ళు తాగి మరీ పీట ఎక్కాను. నడుము కింద మిషను తడుతూనే ఉంది. సగం ఇళ్ళు అయ్యాక పటేలు నా పక్కకు వంగాడు.

"దొరా, పోయి రారాదు. మేం అటు తిరుగుతం తియ్."

"అవసరం లేదు పటేలా. పిలువు, తర్వాతి ఇల్లు."

ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంకా పది ఇళ్ళున్నాయనగా పటేలు అటూ ఇటూ కదలడం మొదలుపెట్టాడు. చివరికి కర్ర పట్టుకుని లేచాడు.

"నువ్వు కూసో దొరా. నాతోని అయితలేదు," అని ఇప్పచెట్ల చాటుకు జల్దీ జల్దీ నడిచాడు. గూడెమంతా ఘొల్లున నవ్వింది.

ఆయన తిరిగొచ్చి ఆఖరి ఇంటి తరఫున తనే కండువా పట్టాడు. దోసెడు పోసి, బుట్ట బోర్లించి, అప్పుడు పీట దిగాను. ఆ రోజు దిగడం అదే మొదటిసారి. వచ్చే ఏడు కూడా నన్నే పిలుస్తామని పటేలు అందరి ముందూ చెప్పాడు.

వచ్చే ఏడు గింజలు మాత్రం ఆయన ఇంటి నుంచే రావాలి. ఆపరేషను కోసం ఆ జొన్నలు పండే నాలుగెకరాలూ అమ్మాను. కొన్నది పటేలే.