ఎడమచేతి దెబ్బలు

ముందు సుత్తి వినిపించింది. రెండు పెద్ద దెబ్బలు, ఒక చిన్న దెబ్బ, కాస్త ఆగి మళ్లీ అదే వరస. విజయవాడ ఆటోనగర్‌లో పొద్దున్నుంచీ ఇనుము మోగుతూనే ఉంటుంది. కానీ ఈ చప్పుడు మిగతావాటిలో కలవకుండా, తొలి చినుకులు రేకు మీద ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు వచ్చింది. ఆయన పని గురించి రాద్దామని వెతుక్కుంటూ నేను షెడ్డు చేరేసరికి ఆగిపోయింది. దిమ్మెల మీద ఎత్తిపెట్టిన పాత ఫియట్ కారు కింద నుంచి ముందు రెండు కాళ్లు, తర్వాత మనిషి బయటికి జరిగాడు.

మరియదాసు. వయసు యాభై నాలుగు. కార్లకు సొట్టలు తీసి, తుప్పు తిన్నచోట కొత్త రేకు అతికే టింకర్. సుత్తి ఎడమచేత్తో పడతాడు కనుక అందరికీ ఎడంచేతి దాసు. గుడివాడ దగ్గర పల్లెలో పుట్టి, పద్నాలుగో ఏట ఇక్కడికి వచ్చాడు. నలభై ఏళ్ల మోతకి కుడిచెవి పోయింది. చర్చిలో భార్య అమలమ్మ ఎప్పుడూ ఎడమవైపే కూర్చుంటుంది. వేళ్లతో తట్టి, రంగు వెనక ఉన్నది ఇనుమో లప్పమో చెప్పేస్తాడు. తుప్పు మీద లప్పం పూసి దాచేవాళ్లంటే ఒళ్లుమంట.

ఫియట్ శ్రీజది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో ఉద్యోగం ఆమెకు. తండ్రి సాంబశివరావుకి వన్ టౌన్‌లో బట్టల కొట్టు ఉండేది. ఆయన పోయాక, ఏళ్లుగా మూలనపడ్డ కారును మళ్లీ నడిపించాలని తెచ్చింది.

ఆ రోజు వెనక సీటు ముందరి ఫ్లోరు విప్పుతున్నాడు. రబ్బరు మ్యాటు లాగేసి ఉలితో కొడితే లప్పం పెచ్చులుగా లేచింది, బొటనవేలంత మందం. దాని కింద గోనెపట్టా ముక్క. గోనె కింద, చదును చేసిన నూనెడబ్బా రేకు. రేకు ఎత్తితే కింద ఏమీ లేదు. షెడ్డు నేల కనిపించింది.

"ఎవడు చేశాడో గానీ మనిషి కాదండి వాడు," అన్నాడు నాతో. "పిల్లాజెల్లా ఎక్కే బండి."

పెయింటర్ చక్రి నవ్వాడు. "లప్పం తీసేస్తే కారే మిగలదేమో బాబాయ్. వాణ్ణి తిట్టటానికే ఇవాళంతా సరిపోద్ది నీకు."

"వాడు కనపడాలి గానీ, ఈ గోనె వాడికే కప్పుతా."

కిరసనాయిలు గుడ్డతో రేకు తుడిచి, లైటు దగ్గరికి లాక్కున్నాడు. తిట్టు సగంలో ఆగింది. అంచు వెంట వేలు మెల్లగా నడిచింది, చీకట్లో ఉత్తరం చదువుతున్నట్టు. సుత్తి అచ్చులన్నీ ఒకేవైపు, కుడికి వాలి ఉన్నాయి. ఆటోనగర్‌లో అలా కొట్టే చెయ్యి ఒక్కటే.

మరియదాసు నేల మీద కూర్చుండిపోయాడు.

"ఇది నాదేనండి," అన్నాడు. "తొంభై మూడులో. సొంత షెడ్డు పెట్టిన నెల. నాలుగు రోజుల్లో ఇంట్లో పెళ్లి, కారు మెరిస్తే చాలు, మిగతాది తర్వాత అన్నాడు కారు తెచ్చినాయన. తర్వాత ఆయన రాలేదు, నేనడగలేదు. అప్పుడిది బూడిదరంగండి. ఈ నీలం ఎవరేశారో."

చక్రి ఆయన కుడిచెవి వైపు వంగి గొంతు తగ్గించాడు. "ఆవిడకి తెలీదుగా. తుక్కులో పడేయ్. కొత్త రేకు ఎలాగూ వేస్తున్నావు. చెప్పావంటే బండి వేరే షెడ్డుకెళ్తది, నీ పేరు పొద్దుగూకేలోపు ఆటోనగరంతా తిరుగుద్ది."

వినపడని చెవికి కూడా ఆ మాట వినిపించింది.

భోజనాల వేళకు శ్రీజ వచ్చింది. "ఎంతవరకు వచ్చిందండీ పని?"

ఆయన లేచి రేకు ఆమె చేతుల్లో పెట్టాడు. "మీ కారు ఫ్లోరమ్మా ఇది. ముప్పై ఏళ్ల కిందట నేనే వేశాను. ఏదో పెళ్లికి."

"మా అత్త పెళ్లికి," అంది శ్రీజ అప్రయత్నంగా. బొటనవేలితో నొక్కింది. రేకు అట్టలా వంగింది. "ఎక్కడిదిది?"

"వెనక సీటు ముందు. ఎడమవైపు."

"అక్కడ మేం కూర్చునేవాళ్లం కాదు దాసు గారూ. నిలబడేవాళ్లం, నేనూ మా తమ్ముడూ. రోడ్డు కనపడాలని. పామర్రు దాకా గెంతుతూనే వెళ్లేవాళ్లం."

పక్క షెడ్లలో సుత్తులు మోగుతున్నాయి. మరియదాసు తన ఎడమచేతిని, ఎవరో అక్కడ మర్చిపోయి వెళ్లిన వస్తువులా చూస్తున్నాడు.

శ్రీజ అరవలేదు. రేకును బల్ల మీద పెట్టింది, చాలా నెమ్మదిగా.

"బండి ఇక్కడే ఉంటుంది. మీరే చెయ్యండి. కానీ రంగు వేసేముందు ప్రతి అతుకూ నేను చూస్తాను. రోజూ ఈ టైముకి వస్తాను."

"రండమ్మా."

ఆయన పని సరిచూస్తామని ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు. చక్రి ముఖం తిప్పుకున్నాడు. ఆమె వెళ్లాక మరియదాసు సుత్తి అందుకోలేదు. అన్నం క్యారియర్ కూడా విప్పలేదు. నేను బయల్దేరితే రోడ్డు దాకా వచ్చాడు.

"ఆ ఏడాది ఇలాంటివి ఇంకో నాలుగు చేశానండి," అన్నాడు. "మూడు తుక్కుకి పోయాయని తెలుసు. నాలుగోది తెల్ల అంబాసిడర్, అవనిగడ్డ వాళ్లది. పోయినేడు కూడా రోడ్డు మీద చూశామన్నారు. మీకు అటువైపు ఎవరైనా తెలుసా?"