బిల్లు మీద చాచా పేరు

మా ఇంటి ఓనర్ చాచా మొన్న శుక్రవారం పోయారు. అమీర్‌పేట నుంచి సోమాజిగూడ ఆసుపత్రి ఎంత దూరమని? పంజాగుట్ట చౌరస్తా దాటకముందే ఆటోలో నా భుజం మీద తల వాల్చేశారు. మిట్టమధ్యాహ్నం. ఎండ మండిపోతోంది.

ఎండంటే ఆయనకు ఇష్టం. రోజూ పొద్దున్నే పాత లుంగీ తడిపి మేడ మీది సోలార్ పలకలు తుడిచేవారు. కింది వాటాలో అద్దెకున్న నన్ను పిలిచి, తన చాయ్‌లో సగం సాసర్లో పోసిచ్చేవారు. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా నన్ను కిరాయిదారుగా చూడలేదు.

సోలార్ సబ్సిడీకి ఆయన తరఫున దరఖాస్తు పెట్టింది నేనే. అది తిరిగొచ్చింది. మీటర్ అప్పటికింకా చాచా తండ్రి పేరు మీదే ఉంది, ఆ పెద్దాయన పోయి ఇరవై ఏళ్లు. పేరు మార్చుకోమంటే చాచా ఒప్పుకోలేదు.

"బిల్లు మీద అబ్బా పేరు చూస్తే ఆయన ఇంకా ఇంట్లనే ఉన్నట్టుంటది బేటా. గది సుత తీసేయమంటవా?"

ఆరు నెలలు పోరి ఒప్పించాను. సంతకం పెడుతూ, "ఎండ కాయిదాలు అడగదు, మనుషులే అడుగుతరు" అన్నారు.

పలకలు వచ్చాయి. బ్యాటరీ రాలేదు. దానికి సబ్సిడీ లేదు, ధర చాచాకు అందేది కాదు. చాచాకు ఆయాసం, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉంది. కరెంటు పోతే ఎట్లా అని చాచీ అడిగారు. "పలకల సబ్సిడీ పడనియ్యండి, అప్పుడు బ్యాటరీ కొందాం" అని పెద్ద తెలివైనవాడిలా చెప్పాను. లైన్లో కరెంటు పోతే బ్యాటరీ లేని సోలార్ కూడా ఆగిపోతుందని నాకు తెలుసు. ఆ ముక్క వాళ్లకు విడమరచి చెప్పలేదు.

శుక్రవారం లైన్ మరమ్మతని కరెంటు తీశారు. సిలిండర్ కోసం ఫోన్లు చేస్తూ గంట పోగొట్టాను. చాచా రొప్పుతూ నన్ను అడిగారు:

"పైన గంత ఎండ ఉంది కదా బేటా, మిషన్ ఎందుకు ఆగింది?"

నేను ఆటో పిలవడానికి బయటికి పరుగెత్తాను. నా మీద నాకు అసహ్యం వేసింది. ఇప్పటికీ పోలేదు.

నిన్న సబ్సిడీ పడిందని చాచా ఫోనుకు మెసేజ్ వచ్చింది. కరెంటు బిల్లు కూడా వచ్చింది. ఆయన పేరు మీద ఇది నాలుగోది.

"ఇప్పుడు మీటర్ నా పేరు మీదికి మార్చాల్నా బేటా?" అన్నారు చాచీ.

"వద్దు చాచీ. ఉండనియ్యండి."

గోడకున్న ఇనుప తీగ నిండా చాచీ మామగారి పేరుతో వచ్చిన పాత బిల్లులు, పైన చాచావి మూడు. చాచీ వాటి మీద దీన్ని గుచ్చారు, పేరుకు తగలకుండా, అంచున.