పంపు అన్న గొంతు

నేను గాలికబుర్లు చెప్పే మనిషిని కాదు. ఇంజను విప్పి, లోపల ఏముందో చూసి, చూసిందే రాసి, కింద సంతకం పెట్టే ఉద్యోగం నాది. ఒక్కసారి తప్పాను. అదీ చెబుతాను. కానీ ఈ గొంతు మాత్రం... నా రెండు చెవులతో విన్నాను. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో ఆపితే మళ్లీ చెప్పను.

తొంభైల మొదట్లో మాట. మద్రాసు ఇంకా చెన్నై కాలేదు. ఓ షావుకారు సొంత విమానానికి నేను మెకానిక్కుని. నలుగురు పట్టే చిన్న విమానం. ముక్కున ఒకటే ఇంజను. షావుకారు ఎవరని అడగొద్దు.

ఒక్క సంగతి మాత్రం మీకు తెలియాలి. ఆ విమానంలో పెట్రోలు రెక్కల్లో ఉంటుంది. రెక్కలేమో ఇంజను కంటే కింద. సంపులోంచి మేడ మీది ట్యాంకుకి నీళ్లు ఎక్కించినట్టు పెట్రోలుని పైకి ఎక్కించాలి. ఇంజనుతో పాటు తిరిగే పంపు ఆ పని చేస్తుంది. అది చెడితే ఆదుకోవడానికి కరెంటుతో నడిచేది ఇంకొకటి ఉంటుంది. లేచేటప్పుడు, దిగేటప్పుడు దాన్ని వేసి ఉంచుతారు. పైకి వెళ్లాక ఆపేస్తారు. విమానాలు బాగుచేసే మా షెడ్డులో దాన్ని ఎవరూ పంపు అనరు. బూస్టరు అంటాం.

ఆ వారం ఇంజను పంపు విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించింది నేనే. దాని లోపల పలచటి రబ్బరు పొర ఉంటుంది. అంచున సన్నటి ముడత కనిపించింది. గోటితో గీకి చూశాను. చిరుగు కాదు... ముడతే. కొత్తది పైదేశం నుంచి రావాలంటే నెలలు పడుతుంది. ఏం కాదులే అనుకున్నాను. బాగుందని రాసి సంతకం పెట్టాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చీకట్లో దీపాలూ రేడియో ఎలా పనిచేస్తున్నాయో చూడాలని ఆ వారం చివర్లో మా పైలట్ కెప్టెన్ రాఘవన్ విమానం తీశాడు. ఆయనది మైలాపూరు. తెలుగు ఒక్క ముక్క రాదు. నేనే ఆయనతో తమిళంలో మాట్లాడేవాణ్ణి. గేజీలు చూడ్డానికి పక్క సీట్లో కూర్చున్నాను. ఇద్దరమే.

రాత్రి ఏడున్నర. లేచాం. వెయ్యి అడుగులు దాటగానే ఆయన బూస్టరు ఆపాడు. పెట్రోలు ఎంత ఒత్తిడితో వస్తోందో చూపే గేజీలో ముల్లు పచ్చగీత మీద నిలబడింది. అడయారు దాటి సముద్రం మీదికి వెళ్లాం. ఎడమ పక్క దూరంగా హార్బరు దీపాలు. వాటికి అవతల తొండియార్‌పేట. మా ఇల్లు ఆ దీపాల్లోనే ఎక్కడో ఉంది. మా ఆవిడ వసంతకు తొమ్మిదో నెల. కిందికి చూశాను. నీళ్లు కనిపించలేదు. నలుపు... అంతే.

అప్పుడు హెడ్‌ఫోన్లో గరగరమంది. రేడియోలో అది మామూలే. తర్వాత ఊపిరి... మెట్లెక్కి వచ్చినవాళ్లు రొప్పినట్టు. తర్వాత...

"పంపు."

తెలుగులో. మెల్లగా.

ముల్లు చూశాను. పచ్చగీత మీదే ఉంది. కెప్టెన్‌ని చూశాను. ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఆయనకు వినపడలేదు.

"పంపూ..."

ఈసారి సాగదీసింది. చిన్నప్పుడు మా వీధివాళ్లు గడప దగ్గర నిలబడి మా అమ్మను అలాగే అడిగేవాళ్లు, పిల్లోణ్ని అంగడికి పంపమని. ఆడగొంతో మగగొంతో చెప్పలేను. ఎవర్ని పంపాలి? ఎక్కడికి? వసంత గుర్తొచ్చింది. కడుపులో బిడ్డ గుర్తొచ్చింది. ఆ ముడత గుర్తొచ్చింది. తప్పు చేసింది నేను కాబట్టి నన్నే అడుగుతోంది అనుకున్నాను. దాచడమెందుకు... ఏడుపొచ్చింది.

మూడోసారి మరీ దగ్గరగా. చెవిలో ఊపిరి తగిలినంత దగ్గరగా...

"పంపు."

కెప్టెన్ చెయ్యి పట్టేసుకున్నాను.

"ఎన్న మునుసామీ?" అన్నాడు. ఏమైందని.

"సార్... యారో 'పంపు, పంపు'న్ను సొల్రాంగ సార్," అన్నాను. ఎవరో అలా అంటున్నారని.

ఆయన నన్ను అదోలా చూశాడు. చెయ్యి చాచాడు. బూస్టరు స్విచ్చి వేశాడు. టక్. ఆ స్విచ్చి మీద ఫ్యూయల్ పంప్ అని రాసి ఉంటుంది. నా మాట ఆయనకు అలా అర్థమైంది.

ఏమీ మారలేదు. అదే మోత. ముల్లు అక్కడే. గొంతు మళ్లీ రాలేదు. నా మొహం చూసి ఆయన విమానాన్ని వెనక్కి తిప్పాడు. దిగేదాకా ఆ స్విచ్చి అలాగే ఉంది.

షెడ్డు ముందు ఆగాం. ఇంజను ఇంకా తిరుగుతోంది. దిగాక చేసే పద్ధతే కాబట్టి ఆయన బూస్టరు ఆపాడు.

ముల్లు... కదిలింది.

ఇద్దరం దాన్నే చూస్తున్నాం. పచ్చగీత దాటింది. ఎర్రగీతకు వచ్చింది. సున్నా మీద పడింది. ఇంజను ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ముందున్న ఫ్యాను రెండు ఊపులు ఊగి ఆగిపోయింది. ఎయిర్‌పోర్టు బయటి ట్రంకు రోడ్డు మీద లారీ హారన్ వినిపించింది.

పైన, ఆ నలుపు మీద, మేం బూస్టరు వేయకపోయి ఉంటే...

కిందికి దిగి రెండు చేతులూ నేలకు ఆన్చాను. పగలంతా కాగిన సిమెంటు ఇంకా వెచ్చగా ఉంది. అమ్మయ్య అనుకున్నాను. జీవితంలో అంత హాయి మళ్లీ ఎప్పుడూ ఎరగను. నవ్వొచ్చింది. కెప్టెన్‌కీ నవ్వొచ్చింది. ఇద్దరం చాలాసేపు నవ్వాం.

"నువ్వు పంప్ అని చెప్పావు గనక బతికాం," అన్నాడాయన తమిళంలో.

"నేను చెప్పింది ఆ పంపు కాదు సార్. మా తెలుగులో పంపు అంటే... మీ తమిళంలో అనుప్పు."

ఆయన నవ్వు ఆగింది.

"యారై?" అన్నాడు. ఎవర్ని, అని.

నేను లేచి స్పానర్ల పెట్టె తెచ్చాను.

అప్పటికప్పుడు పంపు విప్పాను. రబ్బరు పొర ఆ ముడత వెంబడే సగానికి చిరిగి ఉంది. కెప్టెన్‌కి అంతా చెప్పాను. ఆయన కేకలు వేయలేదు. "ఉన్నదున్నట్టు రాయి," అన్నాడు. రాశాను. కంట్రోల్ టవర్ వాళ్లను అడిగాడు. ఆ వేళ తెలుగులో మాట్లాడినవాళ్లు ఎవరూ లేరన్నారు. ఏ లారీ ఆఫీసు వైర్‌లెస్సో మా రేడియోలో కలిసి ఉంటుందని మా షెడ్డులో ఒకాయన అన్నాడు. అయ్యుండొచ్చు. బండి పంపమని ఎవరో ఎవరినో అడిగి ఉండొచ్చు. మూడుసార్లు... సరిగ్గా అప్పుడే.

ఇంటికి వచ్చేసరికి వసంత మేలుకునే ఉంది. చెయ్యి కడుక్కోకముందే అంతా చెప్పాను.

"పంపంటే మనకి నీళ్ల పంపే గదా. ఏదో మంచి గొంతే అది," అంది.

"కాకపోతే? నన్నే పంపమని అడిగుంటే?"

అన్నం వడ్డించింది.

"అడిగిందే అనుకో. ఆ కెప్టెన్ ఆయప్పకి తెలుగు రాకపోబట్టి పంపలేదు. నువ్వు ఈడికే వచ్చేసినావు. ఆయప్పని ఒకరోజు అన్నానికి పిల్చకరా."

పిలిచాను. వచ్చాడు. రెండుసార్లు చారు పోయించుకుని తిన్నాడు. అప్పటికి మా పాప పుట్టి పదిహేను రోజులు. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆయన్ని చూస్తే నా కడుపు నిండింది.

ఆ గొంతు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. పెట్రోలు పంపు వేయమని చెప్పిందా, మనిషిని పంపమని అడిగిందా... తెలియదు. చెప్పిందే అయితే దానికి వెయ్యి దండాలు. అడిగిందే అయితే మాత్రం... మేం ఇంకా ఎవర్నీ పంపలేదు.