అమ్మ గీసిన కోట రాళ్లు

నేను మూడో తరగతిలో ఉండగా మా అయ్యకు ఖిదిర్‌పూర్ డాక్‌లో పని పోయింది. తాళ్లతో వేలాడదీసిన పలక మీద కూర్చుని ఓడలకు రంగు వేసే పని ఆయనది. ఓడలు రావడం తగ్గాక కొన్నాళ్లు ఎర్రజెండాల కింద ధర్నాలో కూర్చున్నాడు, తర్వాత ఇంట్లో కూర్చున్నాడు. ఆ రోజుల్లోనే, దుర్గాపూజ పందిళ్లకు నమూనాలు గీసే ఒక బెంగాలీ డ్రాయింగు మాస్టారు మా క్వార్టర్స్‌కి వచ్చాడు. సాల్ట్ లేక్ వైపు పిల్లల పార్కు కడుతున్నారట. దాని ముఖద్వారం రాజకుమారి కోటలా ఉండాలట. ఎత్తుకు భయపడని రంగులవాడు కావాలని అడిగాడు.

"నానొస్తాను దాదా. మా ఇంటిది కూడా వస్తాది, సిమెంటు మోస్తాది," అన్నాడు అయ్య.

సెలవు రోజుల్లో నన్నూ తీసుకెళ్లేవారు. కోట అంటే లోపల మెట్లు, గదులు, ఓ మంచం ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే అది ఇనుప చువ్వల గూడు. దాని చుట్టూ కోళ్లగూటికి కొట్టే వలలాంటి జాలీ చుట్టి, సిమెంటు మెత్తుతున్నారు. కింద జనం నడిచే దారి ఒక్కటే నిజం. నాలుగు బురుజులూ డొల్ల. కిటికీల్లో సగం నల్లరంగు మచ్చలే. ఏదో విదేశీ క్యాలెండరు బొమ్మ చూసి మాస్టారు ఆ కోట గీశాడు. తాను కూడా కోట అనేదాన్ని ఎన్నడూ చూడలేదని నవ్వుతూ ఒప్పుకున్నాడు.

ఒకరోజు గీతలు గీసే మనిషి రాలేదు. తడి సిమెంటు మీద ఇనుప బద్దతో గీసి, గోడను రాళ్లతో పేర్చినట్టు కనిపించేలా చేయాలి. మాస్టారు బద్ద తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టాడు. "నువ్వు గియ్యి బౌదీ," అన్నాడు, వదినను పిలిచినట్టు. మా వీధిలో అమ్మ వేసే ముగ్గులు ఆయన చూశాడు. కింద రాళ్లు మూరెడేసి, పైకి పోయేకొద్దీ జానెడు, బెత్తెడు ఉండాలని చూపించాడు.

అమ్మ అయ్య వైపు తిరిగింది. "ఏటయ్యా, పైకెల్తే రాళ్లు సిన్నవైపోతాయేటి? ఎక్కడైనా ఉందా?"

"కన్నుని మోసం సెయ్యాలంట. రాళ్లు సిన్నవైతే కోట ఎత్తుగా అవుపిస్తాదంట."

"పిల్లల్ని మోసం సెయ్యడానికి ఇంత కష్టమా!" అని నవ్వి, కొంగు నడుముకు బిగించి భారా ఎక్కింది. భారా అంటే వెదురుతో కట్టిన పరంజా. ఆ రోజు నుంచి అమ్మ సిమెంటు మోయలేదు. గీతలు గీసింది. ఆమెది ఎడమచేతి వాటం. ప్రతి గీతా కుడివైపు లోతుగా మొదలై ఎడమవైపు పోతూ సన్నబడేది. ఆమె గీసిన రాళ్లకు అయ్య బూడిదరంగు వేసేవాడు, కింద ముదురుగా, పైన లేతగా. అలాగైతే పైభాగం మబ్బులో కలిసినట్టుంటుందని మాస్టారి ఆలోచన. వాళ్లిద్దరూ ఒకే పలక మీద పక్కపక్కన కూర్చుని కబుర్లాడుకోవడం కింద నుంచి చూసేదాన్ని. ఇంట్లో వాళ్లు అంతసేపు మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఏడు వానలు ముందుగా వచ్చాయి. రెండు బురుజుల మీద సిమెంటు పెచ్చులుగా ఊడిపోయింది. చలికాలానికి పార్కు తెరవాలి కాబట్టి వానలోనే టార్పాలిన్ల కింద పని నడిచింది. అమ్మ తడిసింది. దగ్గు పట్టుకుంది. "సిమెంటు దుమ్ము, పోతాదిలే" అంటూ రోజూ వెళ్లింది. రక్తం పడ్డాక ఆస్పత్రిలో చేర్చారు. అప్పటికే ఆలస్యమైందని డాక్టరు అయ్యతో హిందీలో చెప్పాడు. నాకు హిందీ బాగా వచ్చని ఇద్దరూ మరిచిపోయారు.

కోటకు చివరి బురుజు లేచేసరికి అమ్మ లేదు.

పార్కు తెరిచిన వారంలో పనివాళ్ల కుటుంబాలను లోపలికి పంపారు. పిల్లలందరూ రైలు దగ్గరికీ, పడవల దగ్గరికీ పరుగెత్తారు. అయ్య నన్ను ద్వారం కుడిపక్కన నిలబెట్టి, నా చెయ్యి పట్టుకుని గోడ మీద పెట్టాడు.

"ఇక్కడ లోతుగుంది సూడు. ఇటేపు పోతే తేలిపోతంది. ఇది మీయమ్మ."

వెనక జనం తోసుకుంటున్నారు. నేను రైలెక్కుతానని మారాం చేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తర్వాత ఏటా పూజల ముందు కోటకు రంగు వేయడానికి అయ్యనే పిలిచేవారు. ఎక్కడ పెచ్చు ఊడినా కొత్త సిమెంటు మెత్తేవారు గానీ, ద్వారం కుడివైపు గోడను మాత్రం ఆయన ఎవరినీ ముట్టనివ్వలేదు. కళ్లు మసకబారి భారా ఎక్కలేని స్థితి వచ్చేదాకా అలా వెళ్లాడు. ఆపైన చూపు పూర్తిగా పోయింది.

నాకు పెళ్లై సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌కి వచ్చేశాను. ఎర్రజెండా ప్రభుత్వం చివరి రోజుల్లో మా అమ్మాయి బడివాళ్లతో పాటు ఆ పార్కుకి వెళ్లాను. కోట లేదు. దాని చోట ఫైబర్‌తో చేసిన గులాబీరంగు కోట ఉంది. పాతది తుప్పుపట్టిందని కొట్టేశారని, సిమెంటు పెళ్లలన్నీ న్యూ టౌన్ వైపు పల్లం పూడ్చడానికి లారీల్లో పోయాయని తోటమాలి చెప్పాడు.

ఆ ఆదివారం ఖిదిర్‌పూర్ వెళ్లాను. అయ్య మంచం మీద లేచి కూర్చుని అడిగాడు. "పార్కుకెల్లినావంట గదే. కోట ఎలగుంది?"

"బాగుందయ్యా. కొత్త రంగేసినారు."

"కుడేపు గోడ?"

"అలాగే ఉంది. చెయ్యెట్టి చూసినాను."

ఆయన తలాడించాడు. ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ అడిగేవాడు. నేను ప్రతిసారీ ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని, బురుజు మీద పావురాలు గూడు పెట్టాయనో, పిల్లలు గోడకు ఆనుకుని ఫోటోలు దిగుతున్నారనో. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు.

అయ్య పోయిన పదకొండో రోజున, పక్కింటి ముసలి క్రేన్ డ్రైవరు నా దగ్గర కూర్చున్నాడు. మాటల్లో ఆ అబద్ధం సంగతి చెప్పుకుని ఏడ్చాను. అప్పుడాయన అన్నాడు.

"ఆ కోట కొట్టీసిన వారమే నాను సెప్పీసినాను గదమ్మా మీయయ్యకి. రెండ్రోజులు అన్నం ముట్టలేదు. తనకి తెలుసని నీకు తెలిస్తే బాధపడతావని, సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

నేను కల్పించి చెప్పినవన్నీ అయ్య అలా కళ్లు మూసుకునే విన్నాడు, ఒక్కసారి కూడా నన్ను ఆపకుండా.