బతికున్నవాళ్ల వైపు స్మరండా

వెతూరియా కుదురుగా కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు. మా అపార్టుమెంటు మెట్ల పక్కనున్న ఇనప కమ్మీని రోజుకు రెండుసార్లు తుడుస్తుంది. తుడవమని ఎవరూ అడగలేదు. "కమ్మీ అరిగిపోతుందే, ఆ చేతులకి ఒక్కరోజు సెలవియ్యవే" అంటే, "నువ్వు పట్టుకుని దిగుతావుగా ఆగ్లాయా, నీ జిడ్డు ఎవరు వదిలిస్తారు?" అంటుంది. నలభై ఏళ్లుగా మావి ఎదురెదురు తలుపులు. అప్పట్లో పని కూడా ఒకే నూలు మిల్లులో. నేను కండెల దగ్గర, ఆమె మిల్లు వైద్యం గదిలో ఆయా.

ఆ గది తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆడవాళ్లందరినీ నెలకోసారి వరసలో నిలబెట్టి, కడుపు వచ్చిందేమో చూసేవాళ్లు. వస్తే రాసుకునేవాళ్లు. రాసుకున్నాక ఇక కనాల్సిందే, తీయించుకుంటే జైలే. దేశానికి పిల్లలు కావాలట. కొట్లో పాలు లేవు, ఇళ్లలో వేడి లేదు. అది మాత్రం ఎవరూ రాసుకోలేదు.

వెతూరియా చెల్లెలు స్మరండా నా పక్క వరసలో పనిచేసేది. అంత మోతలోనూ దాని నవ్వు వినిపించేది. ఎనభై ఆరు ఫిబ్రవరిలో పోయింది. దొంగచాటుగా కడుపు తీయించుకుంది, రక్తం ఆగలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే మంచం పక్కన ప్రాసిక్యూటర్ కూర్చున్నాడు. ఎవరు చేశారో పేరు చెబితేనే డాక్టరు చెయ్యి వేస్తాడన్నాడు. మూడు గంటలు అడిగాడు. స్మరండా చెప్పలేదు.

శవాన్ని తిన్నగా శ్మశానానికి కూడా పోనివ్వలేదు. మిల్లు గేటు లోపల పెట్టె దించి, షిఫ్టు ఆపి, మమ్మల్ని చుట్టూ నిలబెట్టారు. చట్టాన్ని కాదన్నదాని గతి చూడండని డైరెక్టరు ఉపన్యాసం ఇచ్చాడు. నేను నా బూట్లు చూసుకుంటూ నిలబడ్డాను. నాలాగే ఇంకో నాలుగు వందల మంది. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

అప్పటి ఫాదర్ అంతకంటే నాలుగాకులు ఎక్కువ చదివాడు. మా చర్చిలో ఆదివారం ఇంటింటివాళ్లూ ఒక చిన్న కాగితం ఇస్తారు. ఒకవైపు బతికున్నవాళ్ల పేర్లు, ఇంకోవైపు పోయినవాళ్లవి. ఇంటిపేర్లుండవు. ఫాదర్ అన్నీ పైకి చదివి ప్రార్థిస్తాడు. వెతూరియా ఇచ్చిన కాగితంలో ఆయన స్మరండా పేరు కొట్టేశాడు. "అలా పోయినదాని పేరు నా నోటితో చదవను" అన్నాడు. మరుసటి వారం వెతూరియా అదే పేరు బతికున్నవాళ్ల వైపు రాసిచ్చింది. ఆయన చూసుకోకుండా గడగడా చదివేశాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తరవాత ఆ ఫాదర్ పోయాడు, ఆ ప్రభుత్వం పోయింది, మిల్లు పోయి సూపర్ మార్కెట్ వచ్చింది. స్మరండా మాత్రం ముప్పై మూడేళ్లు వారం వారం బతికే ఉంది.

దాని కూతురు ఒతీలియాకి అప్పుడు నాలుగేళ్లు. తండ్రి కాలువ పనులకని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. పిల్లని వెతూరియానే పెంచింది. ఒకసారి చర్చిలో పేర్లు చదువుతుంటే ఆ పిల్ల "పెద్దమ్మా, అమ్మ బతికే ఉందా?" అని గట్టిగా అడిగేసింది. వెతూరియా దాని నోరు మూసి బయటికి ఎత్తుకుపోయింది.

ఒతీలియా ఇప్పుడు స్కూల్లో కెమిస్ట్రీ చెబుతుంది. పాత మిల్లు గేటు దగ్గర అలా పోయిన ఆడవాళ్ల పేర్లతో ఒక రాయి నిలబెట్టాలని పట్టుబట్టింది ఆమే. పేర్లు పోగుచేసే పని నా నెత్తిన పడింది. పదకొండు దొరికాయి. ఒక్కో పేరూ ఆ ఇంటివాళ్లే చదవాలని అనుకున్నాం.

"అమ్మ పేరు నేను చదువుతా పెద్దమ్మా" అంది ఒతీలియా. "చదివి ఒక్కమాట అంటా. చచ్చేదాకా అమ్మ ఎవరినో కాపాడింది. ఆ మనిషి బతికుంటే, ఇన్నేళ్లూ ఎలా నిద్రపోయిందో చెప్పమంటా."

వెతూరియా లేచి, శుభ్రంగా ఉన్న కిటికీ తుడవడం మొదలుపెట్టింది.

రాయి నిలబెట్టే ముందురోజు పొద్దున్న నేను సాయానికి వెళ్లాను. పోయినవాళ్ల పేరిట పంచే తీపికి గోధుమలు నానబెడుతోంది. వాటిని తొమ్మిది నీళ్లలో కడగాలి.

"ఎన్నో నీళ్లే ఇది?"

"ఆరు. కాదు, ఏడు." పారబోసి మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టింది. మూడుసార్లు అంతే.

"గోధుమలు తల్లీ అవి, తోలు ఊడిపోతుంది."

వెనక్కి తిరగకుండానే అంది. "నేనే ఆగ్లాయా."

"ఏం నువ్వే?"

"స్మరండాకి చేసింది. ఆ గదిలో చూసి చూసి నాకు వచ్చనుకున్నా. నువ్వు చెయ్యకపోతే స్టేషన్ వెనక ముసలిదాని దగ్గరికి పోతానంది. దాని చేతులకంటే నావి నయం అనుకున్నా."

కుర్చీ లాక్కుని కూలబడ్డాను. "ఒతీలియాకి చెప్పకే" అన్నాను. నిజంగా అలాగే అన్నాను. "ఈ వయసులో దాన్ని పోగొట్టుకుని ఏమైపోతావు?"

"ఆ పేరు అటువైపు రాసింది ఫాదర్ మీద పంతానికి కాదే. అది బతికున్నవాళ్లలో ఉన్నంతకాలం నేను చంపినట్టు కాదనుకున్నా."

మర్నాడు గేటు దగ్గర యాభై మంది దాకా వచ్చారు. ఒతీలియా కాగితం తీసేలోపే వెతూరియా ముందుకు నడిచింది. డైరెక్టరు నిలబడ్డచోటే నిలబడింది.

"స్మరండా" అంది. "ఒక్క పేరు చెప్పమని దాన్ని మూడు గంటలు అడిగారు. చెప్పుంటే బతికేది. ఆ పేరు వెతూరియా. చేసింది నేనే."

ఈసారి నేను తల దించుకోలేదు. ఒతీలియా కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నాలుగు వారాలు మా మెట్లెక్కలేదు. ఏ అడుగు చప్పుడైనా వెతూరియా తలుపు తీసి చూసేది. "పోస్టుమానే, లోపలికి పో" అని నేను కసిరేదాన్ని. కసరకపోతే నాకే ఏడుపొచ్చేది.

ఐదో ఆదివారం వెతూరియా ఇన్నేళ్ల తరవాత మళ్లీ స్మరండాను పోయినవాళ్ల వైపు రాసింది. బతికున్నవాళ్ల వైపు ఒతీలియా ఒక్కటే.

"నీ పేరో?" అన్నాను.

"నా కోసం నేనే అడుక్కోవాలా?" అంది.

ఇప్పటి కుర్ర ఫాదర్ ఏదీ కొట్టెయ్యకుండా చదివాడు. తరవాత ఇంకెవరిదో కాగితం అందుకున్నాడు. పోయినవాళ్లు, స్మరండా. బతికున్నవాళ్లు, వెతూరియా. మా చర్చిలో ఆ పేరు ఇంకెవరికీ లేదు.

తిరిగి చూశాను. ఒతీలియా తలుపు దగ్గర, కోటు గుండీలు కూడా విప్పకుండా నిలబడి ఉంది. దగ్గరికి రాలేదు. వెళ్లిపోనూలేదు.

వెతూరియా వెనక్కి తిరగలేదు. గోడ పక్క కుర్చీలో, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కుదురుగా కూర్చుంది.